బండీపూర్ రోడ్డు పక్కన ఆ నలుపు ఏమిటి?

ప్రశ్న: జనవరిలో ఊటీ వెళ్తుంటే బండీపూర్ అడవిలో రోడ్డుకి రెండు వైపులా నేలంతా మాడిపోయి కనిపించింది. వానలు బాగా పడిన ఏడాది కూడా అడవి ఎందుకు తగలబడుతుంది? మా అబ్బాయి మార్చిలో కొండల్లో ట్రెకింగ్‌కి వెళ్తానంటున్నాడు, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు చూసింది చాలావరకు అటవీ సిబ్బంది కావాలని కాల్చిన పట్టీ అయ్యుంటుంది. దాన్ని ఫైర్ లైన్ అంటారు. ఎండలు ముదరకముందే రోడ్ల వెంట గడ్డి కాల్చేస్తారు, తర్వాత ఎవరైనా బీడీ ముక్క పారేసినా మంట లోపలికి పాకడానికి అక్కడ ఏమీ మిగలదు.

మన దేశంలో అడవికి నిప్పు పెట్టేది ఎక్కువగా మనుషులే. కానీ ఆ నిప్పు ఎంత దూరం పోతుందో తేల్చేది నేల, వాన, చెట్టు. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని అటువైపే ఆపేస్తాయి. కర్ణాటకలోనే ఆ కనుమల మీదున్న ఆగుంబె ఊళ్లో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైనే కురిస్తే, కొండలకి ఇవతల ఉన్న బండీపూర్‌కి అందులో నాలుగో వంతు కూడా రాదు. అందుకే అక్కడ ఏడాదంతా పచ్చగా ఉండే అడవి, ఇక్కడ ఎండాకాలంలో ఆకు రాల్చే టేకు, మద్ది చెట్లు. మన నల్లమల కూడా ఇలాంటిదే. ఫిబ్రవరికల్లా రాలిన ఆకులు కాలి కింద పటపటమంటాయి. మీరడిగిన వానల సంగతి ఇక్కడే ఉంది, వానలు బాగా పడితే గడ్డి ఏపుగా పెరుగుతుంది, ఆ తర్వాత నెలల తరబడి చినుకు పడకపోతే ఆ గడ్డే ఎండి మంటకి మేత అవుతుంది. పైగా ఎప్పుడో తోటల్లో అందం కోసం మన దేశానికి తెచ్చిన లాంటానా పొదలు ఇప్పుడు బండీపూర్ నిండా అల్లుకుపోయాయి, నేల మీద పాకాల్సిన మంటని నిచ్చెనలా కొమ్మల దాకా ఎక్కిస్తాయి. 2019 ఫిబ్రవరిలో అక్కడ వేల ఎకరాలు కాలాయి, ఆ ఫొటోలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

ఇక మీ అబ్బాయి సంగతి. మంట పల్లంలో కంటే ఎగువకి చాలా వేగంగా పోతుంది, ఎందుకంటే పైనున్న గడ్డిని ముందే వేడెక్కించి ఆరబెట్టేస్తుంది, పగటిపూట గాలి కూడా వాలు మీద పైకే వీస్తుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని కురంగణి కొండల్లో సరిగ్గా అలాంటి గడ్డి వాలు మీదే ట్రెకింగ్‌కి వెళ్లినవాళ్లు చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చెన్నై నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

మార్చిలో గడ్డి కొండలు వద్దని గట్టిగా చెప్పండి. వానలు తగ్గాక, అక్టోబరు తర్వాత, అటవీ శాఖ అనుమతి తీసుకుని వెళ్లమనండి.