టెక్ సందేహాలు: వరుసల లెక్కకు ఆ అనుమతి ఎందుకు?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఇద్దరు పిల్లలు, ఆఫీసు. కుక్కర్ పెట్టాక దొరికే పావుగంటలోనో, పాప డాన్స్ క్లాసు బయట కూర్చున్నప్పుడో క్రోషే (కొక్కెంతో అల్లే పని) పట్టుకుంటాను. మధ్యలో లేచానంటే ఎన్నో వరుసో మర్చిపోతున్నాను. వరుసలు లెక్కపెట్టే ఉచిత యాప్ ఏపీకే ఫైల్‌ను (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) తెలిసినవాళ్లు వాట్సాప్‌లో పంపారు. వాల్యూమ్ బటన్‌తో లెక్క పెంచుకోవాలంటే యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంటోంది. చేయొచ్చా?

చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి, డౌన్‌లోడ్ చేసిన యాప్‌ల జాబితాలో దాన్ని ఆఫ్ చేసి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి; యాప్ పేరు మారుతుంది, అడిగే అనుమతి మాత్రం అదే. యాప్ తెర మీద తెరిచి ఉంటే వాల్యూమ్ బటన్ నొక్కినట్టు దానికి నేరుగా తెలుస్తుంది, అందుకు ఏ అనుమతీ అక్కర్లేదు. మీరు వేరే యాప్‌లో ఉన్నా బటన్‌ను పట్టుకోవాలనుకుంటేనే యాక్సెసిబిలిటీ కావాలి. వీడియో చూస్తూ లెక్క పెంచుకోవడం సుఖమే కానీ, దానికి చెల్లించే మూల్యం చాలా పెద్దది. చూపు లేనివారికి తెర చదివి వినిపించడానికి, చేతులు కదపలేనివారి బదులు బటన్లు నొక్కడానికి పెట్టిన ఏర్పాటు అది. అదే దారిలో దొంగ యాప్ మీ మెసేజ్‌లోని ఓటీపీ చదవగలదు, మీ బదులు ‘అలో’ నొక్కగలదు, మీరు అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే ఆ పేజీని మూసేయగలదు. పూలమ్మే మనిషికి బీరువా తాళాలు ఇచ్చినట్టే.

ఇంకో గుర్తు చెబుతాను. ఆండ్రాయిడ్ 13 నుంచి, ఇలా బయటినుంచి వచ్చిన ఏపీకేలకు యాక్సెసిబిలిటీ స్విచ్ చాలావరకు మసకబారి ఉంటుంది, నొక్కినా పడదు. అప్పుడు ఆ యాప్, ‘యాప్ ఇన్ఫోలో మూడు చుక్కలు నొక్కి రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అనుమతించండి’ అని బొమ్మలు వేసి మరీ నేర్పుతుంది. ఫోన్ వద్దంటున్న దాన్ని దాటించడానికి పాఠం చెబుతోందంటే ఇక ఆలోచించాల్సింది లేదు, తీసేయండి. తీయబోతే మొండికేస్తే, డివైస్ అడ్మిన్ యాప్‌లలో టిక్ తీసి, సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరిచే పద్ధతి) ప్రయత్నించండి. ఖాతాలో డబ్బు కదిలినట్టు కనిపిస్తే వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే చెప్పండి. పాస్‌వర్డులు కూడా వేరే ఫోన్ నుంచే మార్చండి.

ప్లే స్టోర్‌లో దొరికేవాటినీ గుడ్డిగా నమ్మొద్దు. లెక్కపెట్టే యాప్‌కు కాంటాక్ట్‌లు, లొకేషన్, మైకు ఎందుకు? ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఫ్లైట్ మోడ్‌లో లెక్క 7కి తెచ్చి, రీసెంట్స్‌లోంచి యాప్‌ను తోసేసి, ఫోన్ రీస్టార్ట్ చేయండి. తిరిగి తెరిస్తే 7 ఉండాలి. లేకపోతే అది మీ పనికి రాదు.

అసలు ఈ యాప్‌లను అల్లేవాళ్లు ఎవరైనా వాడి చూశారా అనిపిస్తుంది. ప్లస్ బటన్‌కు ఆనుకుని ప్రకటన. పొరపాటున రెండుసార్లు నొక్కితే వెనక్కి తెచ్చే మైనస్ ఉండదు. ‘మూడు రోజులుగా అల్లలేదు’ అంటూ రాత్రి పదింటికి నోటిఫికేషన్. పిల్లల పరీక్షల మధ్య పది నిమిషాలు మిగిల్చుకున్న మనిషికి ఇదా ఇచ్చేది? ఆ నోటిఫికేషన్లు ఆపేయండి.

లెక్క ఫోన్‌లో కన్నా అల్లికలోనే ఉండటం మేలు. ప్రతి పదో వరుస మొదటి కుట్టుకు ఒక లాకింగ్ మార్కర్ (సేఫ్టీ పిన్నులా మూసుకునే గుర్తు) తగిలించండి. లేచేముందు వరుస పూర్తిచేసి, కొక్కెం మీదున్న ఆఖరి ఉచ్చుకు ఇంకోటి వేయండి. పిల్లలు దారం లాగినా ఊడిపోదు. తిరిగి కూర్చున్నాక చివరి పదో వరుస మార్కర్ పైనున్న వరుసలు చూసుకుంటే చాలు.

వాల్యూమ్ బటన్‌తో పనిచేసే మంచి యాప్ దొరికితే, దానికి బ్లూటూత్ సెల్ఫీ రిమోట్ జతచేయొచ్చు. అలాంటి చాలా రిమోట్లు ఫోన్‌కు వాల్యూమ్ బటన్ నొక్కినట్టే చెబుతాయి. సోఫా మీద మోకాలి పక్కన పెట్టుకుని నొక్కితే సరి. అది కనెక్ట్ అయి ఉండగా కొన్ని ఫోన్లలో తెర మీది కీబోర్డు రాదు. బ్లూటూత్ ఆపితే వస్తుంది.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్‌కు మెట్రోలో వెళ్తూ పీడీఎఫ్ చూసి క్రోషే స్వెటర్ అల్లుతున్నాను. తెర ఆరిపోతోంది, సొరంగంలో నెట్ పోతోంది. పైగా చెయ్యి భాగం పొడుగ్గా వస్తోంది.

పీడీఎఫ్‌ను ఫోన్‌లోకే డౌన్‌లోడ్ చేసుకోండి. డిస్‌ప్లేలో స్క్రీన్ టైమౌట్ పది నిమిషాలు పెట్టి, దిగేటప్పుడు మళ్లీ తగ్గించండి. ఆ పొడుగు మాత్రం ఫోన్ తప్పు కాదు. ప్యాటర్న్ బ్రిటిష్ పద్ధతిలోది అయితే అందులోని డబుల్ క్రోషే అంటే అమెరికన్ సింగిల్, పొట్టి కుట్టు. మీరు వీడియోల్లో నేర్చిన అమెరికన్ డబుల్ వేస్తుంటే ప్రతి వరుసా దాదాపు రెండింతల ఎత్తు వస్తుంది. ప్యాటర్న్ మొత్తంలో ‘సింగిల్ క్రోషే’ అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే అది చాలావరకు అమెరికన్. అప్పుడు మీ బిగువు, కొక్కెం సైజు చూసుకోవాలి. లేకపోతే కుట్ల వివరణ పేజీ చూడండి. బ్రిటిష్ అని తేలితే ఆ చెయ్యి విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.