లాక్టోమీటర్ 30 చూపిస్తే పాలు మంచివేనా?

ప్రశ్న: 12 ఏళ్లుగా ఒకాయనే మా ఇంటికి గేదె పాలు పోస్తున్నారు. రెండు నెలల నుంచి మీగడ కట్టడం లేదు, తోడేస్తే పెరుగు జారుగా ఉంటోంది. అడిగితే లాక్టోమీటర్ ముంచి 30 చూపించారు. ఇంట్లో రెండేళ్ల మనవరాలు ఉంది, టెన్షన్‌గా ఉంది. ఎవరికి చెప్పాలి?
- ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ 30 చూసి ధైర్యపడకండి. లాక్టోమీటర్ చెప్పేది పాల సాంద్రత ఒక్కటే. నీళ్లు కలిపితే రీడింగ్ తగ్గుతుంది, వెన్న తీసేస్తే పెరుగుతుంది, కాబట్టి వెన్న తీసి ఆ మేరకు నీళ్లు పోస్తే రీడింగ్ మళ్లీ మామూలు చోటికే వస్తుంది. పంచదారో యూరియానో కలిపినా అంతే. మీగడ కట్టకపోవడానికి ఇదే కారణం కావచ్చు. అలాగని వెంటనే ఆయన మీద నింద వేయకండి, ఎందుకంటే పితికేటప్పుడు మొదటి ధారల్లో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ, మీ వంతుకు రోజూ మొదటి పాలే వస్తున్నాయేమో అది కూడా అడగండి.

ముందు ఇంట్లో చూడండి. నున్నటి స్టీలు పళ్లెం ఏటవాలుగా పట్టుకుని ఒక చుక్క వేయండి. మంచి పాలైతే మెల్లగా జారుతూ వెనక తెల్లటి చార వదులుతాయి, నీళ్లు కలిసినవైతే చార లేకుండా గబుక్కున జారిపోతాయి. సీసాలో పాలు, అన్నే నీళ్లు పోసి బాగా గిలకొట్టండి, మా వంటింట్లో చేస్తే పల్చటి నురగ వచ్చింది, అది మామూలే, సబ్బు నీళ్లలాగా చిక్కటి నురగ కడితే మాత్రం డిటర్జెంట్ ఉందని అనుమానించాలి. పిండి కలిపారేమోనని ఉంటే కాచి చల్లార్చిన పాలలో రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి, నీలం రంగు వస్తే పిండి ఉన్నట్టే. యూరియాకి చెంచాడు పాలలో అర చెంచా కందిపప్పు పొడి కలిపి ఐదు నిమిషాలాగి ఎర్ర లిట్మస్ కాగితం ముంచండి, నీలంగా మారితే ఆ పాలు పాపకి పట్టొద్దు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ యూరియా, డిటర్జెంట్ ఎక్కడికీ పోవు.

ఇవన్నీ అనుమానం తేల్చుకోవడానికే, చట్టం ముందు నిలిచేది ప్రయోగశాల రిపోర్టే. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు, కల్తీ అని తేలితే ఆ ఫీజు వెనక్కిస్తారు. ఒక్క షరతు, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు: పాలు పోయించుకునేటప్పుడే ‘ఇవి పరీక్షకి పంపిస్తున్నాను’ అని ఆయనకి చెప్పాలి. మొహమాటపడకండి, పసిపిల్ల తాగే పాలివి. అదంతా మీ వల్ల కాదనుకుంటే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి, లేదా కేంద్ర ఆహార భద్రతా సంస్థ (FSSAI) హెల్ప్‌లైన్ 1800112100 కి ఫోన్ చేయండి. అధికారి వచ్చి శాంపిల్ తీస్తే నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు, అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా పాపకి మాత్రం వేరే చోటి పాలు తెప్పించండి.