ఈత కొలనుకు రొయ్యల చెరువు వైద్యం

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల సాగు చేస్తాను. పిల్లల కోసం పెరట్లో 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతుతో ఈత కొలను కట్టించి బోరు నీళ్లతో నింపాను. రోజూ ఉదయం బ్లీచింగ్ పౌడరు చల్లుతున్నా నీళ్లు మసకగానే ఉంటున్నాయి. టైల్స్ మీద తెల్లటి పొర కడుతోంది, ఘాటు వాసన వస్తోంది, పిల్లల కళ్లు మండుతున్నాయి. ఆక్వా ల్యాబులో పరీక్ష చేయిస్తే పీహెచ్ 8.2, ఆల్కలినిటీ (క్షారత) 280, హార్డ్‌నెస్ (నీటి కాఠిన్యం) 520 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) అని చెప్పారు. క్లోరిన్ ఎక్కువైందా?

జవాబు: ఎక్కువ కాలేదు, చాలడం లేదు. చెమటలోనూ మూత్రంలోనూ ఉండే పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లు ఏర్పడతాయి. మీరు చెప్పిన ఘాటు వాసన, కళ్ల మంట సాధారణంగా వాటివల్ల వచ్చేవే. పైగా నీటి పీహెచ్ 8.2 ఉన్నప్పుడు, వేసిన క్లోరిన్‌లో సుమారు ఆరో వంతు మాత్రమే క్రిములను చురుగ్గా చంపే రూపంలో ఉంటుంది. అదే 7.3 దగ్గర ఆ వాటా సగానికి పైగా ఉంటుంది.

చెరువు అలవాటే మిమ్మల్ని ఇక్కడ తప్పుదోవ పట్టించిందని నా అభిప్రాయం. రొయ్య పిల్లలను వదిలే ముందు చెరువు నీటికి బ్లీచింగ్ కొట్టి, ఎండకూ, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకూ ఆ క్లోరిన్ పోయేదాకా ఆగుతారు. ఈత కొలనులో మాత్రం అది 1 నుంచి 3 పీపీఎం వరకు ఎప్పుడూ నిలిచి ఉండాలి. పెంకు మార్చుకునే రొయ్యకు మేలు చేసే సున్నపు గుణమే ఇక్కడ టైల్స్ మీద పొరగా పేరుకుంటుంది. కొలనుకు ఆల్కలినిటీ 80 నుంచి 120 వరకు, హార్డ్‌నెస్ 200 నుంచి 400 వరకు ఉంటే చాలు. బ్లీచింగ్ పౌడరులోనే సున్నం ఉంది కనుక మీరు రోజూ వేసేది మందుతోపాటు రోగాన్ని కూడా పెంచుతోంది. ఎండకు నీరు ఆవిరైనా లవణాలు కొలనులోనే మిగిలిపోతాయి, మళ్లీ అదే బోరు నీటితో నింపితే కాఠిన్యం ఇంకా పెరుగుతుంది.

హార్డ్‌నెస్ తగ్గించడానికి ఇంట్లో వాడదగిన మందు లేదు, నీరు మార్చడమే మార్గం. సగం నీరు తోడేసి, తక్కువ కాఠిన్యమున్న మంచినీళ్ల ట్యాంకరుతో గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు కురిసే ఈశాన్య రుతుపవనాల వాన నీటిని డాబా మీద నుంచి పట్టి గానీ నింపితే, హార్డ్‌నెస్, ఆల్కలినిటీ రెండూ దాదాపు సగానికి దిగుతాయి. మిగిలిన ఆల్కలినిటీకి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడాలి. మీ కొలనులో పట్టే 40,000 లీటర్లకు, మార్కెట్లో దొరికే 32 శాతం ఆమ్లం 800 మిల్లీలీటర్లు వేస్తే ఆల్కలినిటీ సుమారు 10 పీపీఎం తగ్గుతుంది. ఒకసారికి లీటరు మించకూడదు, పీహెచ్ 7.2 కన్నా దిగితే ఆగి, అది పైకి ఎక్కాకే మళ్లీ వేయండి. అది త్వరగా ఎక్కాలంటే చెరువు ఏరియేటరును మోసుకురానక్కర్లేదు, పంపు నీరు తిరిగి వచ్చే గొట్టపు మూతిని పైకి తిప్పి నీటిని చిమ్మిస్తే చాలు.

ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసుకుని, ఆ నీళ్లలోకే ఆమ్లం వంచాలి, ఆమ్లం మీద నీళ్లు పోయరాదు. బ్లీచింగ్ తాకిన బకెట్‌ను ఆమ్లానికి వాడితే విషవాయువు పుడుతుంది కనుక రెండింటికీ వేరువేరు బకెట్లు ఉంచండి.

ఇకపై పౌడరుకు బదులు సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వాడండి. 10 శాతం ద్రావణం 400 మిల్లీలీటర్లు మీ కొలనులో 1 పీపీఎం క్లోరిన్ ఇస్తుంది, సున్నం చేర్చదు. ఉదయం వేసినది మధ్యాహ్నానికే ఎండ తినేస్తుంది కనుక సాయంత్రం వేయాలి. సయన్యూరిక్ ఆమ్లం 1.2 కిలోలు గుడ్డ సంచిలో కట్టి, నీరు వచ్చే మూతి ముందు వేలాడదీస్తే 30 పీపీఎం అవుతుంది, ఎండకు క్లోరిన్ అంత త్వరగా పోదు. ఒకసారి వేస్తే చాలాకాలం నిలుస్తుంది కాబట్టి పదేపదే వేయకండి. పరీక్షకు పసుపు రంగు తేలే కిట్ మొత్తం క్లోరిన్‌నే చూపుతుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ అయితే ఉపయోగపడే క్లోరిన్ ఎంతో, క్లోరమైన్ల వాటా ఎంతో విడిగా తెలుస్తుంది.

ప్రశ్న: మాది ఒంగోలు. వాయుగుండం వానల తర్వాత కొలను పచ్చబడింది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమంటున్నారు. వేయవచ్చా?

జవాబు: అది పాచిని చంపుతుంది గానీ, క్లోరిన్ చేసే పని చేయలేదు, అందులోని రాగి ఎక్కువైతే గోడలకు మరకలు పడతాయి, నెరిసిన జుట్టుకు పచ్చ ఛాయ వస్తుంది. వాన నీటికి క్లోరిన్ పలచబడి, ఆకులూ దుమ్మూ చేరడమే అసలు కారణం. పీహెచ్‌ను 7.2కూ 7.4కూ మధ్యకు తెచ్చి, గోడలను బ్రష్‌తో బాగా తోమి, పొద్దుగూకాక క్లోరిన్‌ను 10 పీపీఎం దాకా పెంచి, ఫిల్టరును రాత్రంతా నడపండి. రంగు పోయేదాకా ఇలా ప్రతి సాయంత్రం చేయవలసి రావచ్చు. క్లోరిన్ 3 పీపీఎంకు దిగి, గట్టు మీద నిలబడితే అడుగున ఉన్న టైల్స్ గీతలు స్పష్టంగా కనిపించేవరకు ఎవరినీ నీళ్లలోకి దింపకండి.