హ్యాండిక్యాప్ టోర్నమెంట్‌కి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జమ్మకి, మామయ్య ఆశీస్సులు.

నిన్న విజయవాడ నుంచి మీ అమ్మ ఫోన్ చేసి, ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారాలు నువ్వు కొలంబస్‌లో హ్యాండిక్యాప్ బౌలింగ్ టోర్నమెంట్, అంటే తక్కువ ఆడేవాళ్ల స్కోరుకి కొన్ని పిన్నులు (పాయింట్లు) కలిపే పోటీ, ఆడబోతున్నావని చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఆ బంతి పట్టుకున్నది నువ్వొక్కదానివే. పొంగిపోయాను. అత్తయ్య ముందు కాసేపు కోతలు కూడా కోశాను, అంతా నేను నేర్పిన విద్యేనని.

తర్వాత అక్క ఇంకో మాట అంది. "బుధవారం లీగ్‌లో దాని ఆవరేజ్ 128 అట, ఎండాకాలం లీగ్‌లో 141 అట. తక్కువది రాసుకుంటే ఎక్కువ పిన్నులు కలుపుతారని వాళ్ల కెప్టెన్ చెప్పాడట. మంచిదేగా తమ్ముడూ?" దాంతో నాకు నిద్ర పట్టలేదు. అక్కకి ఈ ఆట తెలియదు, ఆమెని అనడానికి లేదు. నీకు తెలుసు కదే!

ఆ సంగతికి వస్తాను. ముందు చిన్నవి చెప్పేస్తాను.

గంట ముందే చేరు. బంతిని ముందు రోజు రాత్రే కారు డిక్కీలోంచి తీసి ఇంట్లో పెట్టుకో. ఒహాయో చలికి గడ్డకట్టిన బంతి వెచ్చటి హాల్లోకి తేగానే పగిలిపోవచ్చు, పగలకపోయినా తీరుగా తిరగదు. బొటనవేలికి చుట్టుకునే టేపు బ్యాగులో ఉంచు. మూడు ఆటలయ్యేసరికి వేలు ఉబ్బుతుంది. బంతి తుడవడానికి పొడి టవల్ చాలు, ఆట మధ్యలో క్లీనర్ల జోలికి పోకు. పక్క లేన్ వాళ్లూ నువ్వూ ఒకేసారి సిద్ధమైతే కుడివైపు వాళ్లని ముందు వెయ్యనివ్వు.

బూట్లకి కవర్లు వేసుకోకుండా బాత్రూమ్ వైపు అడుగు పెట్టావో, చూడు మరి. అడుగున చుక్క నీరు అంటినా, జారాల్సిన బూటు నేలకి పట్టేస్తుంది, మనిషి ముందుకి పడిపోతాడు. మా ఆఫీసులో ఒకాయన అలాగే, బంతి వదిలేటప్పుడు దాటకూడని గీత ఉంటుందే, ఆ ఫౌల్ లైన్ మీద పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ఆ సీజనంతా బెంచీ మీద కూర్చుని మాకు స్కోర్లు చెప్పాడు.

నేనిచ్చిన నీలం బంతి చూసుకో. వేళ్లు పెట్టే మూడు రంధ్రాలు కాక పక్కన ఇంకొకటి ఉంటుంది. అప్పట్లో బంతి తిరుగుడు సరిచేయడానికి అలా తొలిపించుకునేవాళ్లం. 2020 ఆగస్టు 1 నుంచి అమెరికా బౌలింగ్ సంఘం యు.ఎస్.బి.సి. వాళ్లు దాన్ని ఒప్పుకోవడం లేదు. ప్రో షాపులో ఇచ్చి పూడ్పించు. కుదరకపోతే ఆ బంతి ఇంట్లోనే ఉండనీ, నేనేం అనుకోను.

ఆట గురించి నీకు కొత్తగా చెప్పేది తక్కువ. పిన్నులు 60 అడుగుల దూరంలో ఉంటాయి, అంత దూరం చూడకు. లేన్ మీద పదిహేను అడుగుల దగ్గర్లో బాణం గుర్తులున్నాయి కదా, వాటిలో కుడి నుంచి రెండోదాన్ని చూడు. బంతి ఎటు తప్పితే నీ పాదాలు కూడా అటే జరుపు. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. లేన్ మీద పూసిన నూనె కంటికి కనపడదు. జనం ఆడేకొద్దీ అది పలచబడుతుంది, పొద్దున బుద్ధిగా వెళ్లిన బంతి మధ్యాహ్నానికి ఎడమకి లాగేస్తుంది. అప్పుడు చెయ్యి తిప్పడం మొదలుపెట్టకుండా ఎడమకి ఒకటి రెండు బోర్డులు (నేల మీది చెక్క పట్టీలు) జరుగు. ఇంకొకటి, మొదటి బంతికే పది పిన్నులూ పడి స్ట్రైక్ రాగానే గంతులేస్తావు కదా, వెయ్యి. కానీ నీలాంటివాళ్లకి పిన్నులు పోగయ్యేది, మిగిలినవి రెండో బంతితో తీసే స్పేర్లలోనే. ప్రతి ఫ్రేములో (ఆటకి పది వంతులు) తొమ్మిది పడగొట్టి, మిగిలిన ఒక్కదాన్ని రెండో బంతితో తీస్తూ, చివరి బంతికి కూడా తొమ్మిది పడేస్తే, ఒక్క స్ట్రైక్ లేకుండానే 190 వస్తుంది. కాగితం మీద వేసి చూడు.

ఇప్పుడు అసలు సంగతి.

అక్క నాకు పంపిన రూల్స్ కాగితంలో మీ హ్యాండిక్యాప్ 220కి, ఆవరేజ్‌కి ఉన్న తేడాలో 90 శాతం అని ఉంది. 128 రాస్తే ఆటకి 82 పిన్నులు కలుస్తాయి, 141 రాస్తే 71. మూడు ఆటలకి తేడా 33. ఈ ఉత్తరమంతా ఆ 33 పిన్నుల గురించే.

నేను డెట్రాయిట్ పక్కన ఉద్యోగంలో చేరిన కొత్తలో మాదొక ఆఫీసు టీమ్. నలుగురం తెలుగువాళ్లం, ఐదో ఆయన రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ పోలిష్ పెద్దాయన. ఆ ఊళ్లో బౌలింగ్ అంటే పోలిష్ వాళ్లకి ఆదివారం చర్చి తర్వాత అదే. మాకు బంతి పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా కెప్టెన్ మాత్రం తెలుగాయన, మా అందరికన్నా పెద్ద, 'గారు' లేకుండా పిలిచేవాళ్లం కాదు. శని, ఆదివారాల టోర్నమెంట్‌కి ఫారం ఆయనే నింపాడు. టీమ్‌లో ఒక కుర్రాడు రెండు లీగుల్లో ఆడేవాడు, మా మంగళవారం లీగ్‌లో 142, ఇంకో ఊరి గురువారం లీగ్‌లో 165. కెప్టెన్ గారు 142 వేశారు. కుర్రాడు ఊరుకున్నాడు. ఆటకి 21 పిన్నులు, మూడు ఆటలకి 63.

ఆ రోజు మేం ఆడిన తీరు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. నాకు జన్మలో మొదటి 600 సిరీస్, అంటే మూడు ఆటలకి కలిపి 600, పడింది. పెద్దాయన ఆఖరి ఆటలో వరసగా ఐదు స్ట్రైకులు వేసి, చేతులు వణుకుతుంటే కూర్చుండిపోయాడు. మూడో టీమ్ కన్నా 40 పిన్నులు ఎక్కువతో రెండో స్థానంలో వచ్చాం. అత్తయ్య చేసిన పులిహోర పార్కింగ్‌లో మంచు మధ్య కారు డిక్కీ మీద పెట్టుకుని తిన్నాం. పెద్దాయన పచ్చిమిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంటే అందరం నవ్వాం.

ఆవరేజ్‌లు సరిచూశాకే డబ్బులిస్తామన్నారు, అది మామూలే. కొన్నాళ్లకి ఉత్తరం వచ్చింది. ఆవరేజ్ తక్కువ చూపినందుకు టీమ్ స్కోరు మొత్తం రద్దు. 63 తీసేస్తే మేం మూడో స్థానంలో వాళ్ల కింద ఉంటాం, కాబట్టి పొరపాటు అనడానికి కూడా మొహం చెల్లలేదు. కెప్టెన్ గారు తెలియక రాశానన్నారు. తెలిసే రాశారని నా నమ్మకం, ఆ కుర్రాడు గురువారం ఎక్కడికి వెళ్తాడో మా అందరికీ తెలుసు. కుర్రాడేమో ఫారం నేను నింపలేదుగా అన్నాడు. రూల్ అలా లేదమ్మా. కెప్టెన్ రాసినా, ఎవరు రాసినా, నీ ఆవరేజ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సింది నువ్వే.

పెద్దాయన ఒక్క మాట అనలేదు. మరుసటి సీజన్‌కి వేరే టీమ్‌లో పేరిచ్చుకున్నాడు, అంతే. ఆయన అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. అక్కడివాళ్లకి మా పేర్లు పలకడం వచ్చేది కాదు, ఆ తర్వాత ఆ అవసరం కూడా పోయింది. 'ఆ టీమ్' అంటే అందరికీ అర్థమయ్యేది. బౌలింగ్ ఆలీలో శాండ్‌బ్యాగర్, అంటే కావాలని ఆవరేజ్ తగ్గించి చూపేవాడు, అనిపించుకున్నవాడిని పక్కన కూర్చోనివ్వరు. కెప్టెన్ గారింటికీ మా ఇంటికీ రాకపోకలు కూడా తగ్గిపోయాయి. నా 600 సంగతి ఎవరికి చెప్పబోయినా ముందు ఈ కథంతా చెప్పుకోవాలి, అందుకే ఎవరికీ చెప్పను.

మీ కెప్టెన్ మంచివాడే అయ్యుండొచ్చు. అయినా నీ గడి నువ్వే నింపు. ఎండాకాలం లీగ్ లెక్కలోకి వస్తుందో రాదో టోర్నమెంట్ రూల్స్‌లో ఉంటుంది. సాధారణంగా కనీసం 21 ఆటలాడిన ఆవరేజ్ అడుగుతారు. నువ్వు పన్నెండు వారాలు మూడేసి ఆటలు ఆడావు, 36 అయ్యాయి. టోర్నమెంట్ డైరెక్టర్‌కి మెయిల్ రాసి అడుగు, వచ్చిన జవాబు దాచుకో. ఫోన్‌లో అడిగితే రేపు రుజువుండదు. లెక్కలోకి రాదంటే నిశ్చింతగా 128 రాసుకో, అందులో దొంగతనమేమీ లేదు. జవాబు రాకపోతే 141 రాయి. ఎక్కువ రాసినవాళ్లని ఎవరూ తీసెయ్యరు, ఆ ఎక్కువ మీదే లెక్క వేస్తారు, అంతే.

గట్టిగా రాశానని మూతి ముడుచుకోకు. అమ్మమ్మ గారింట్లో అష్టాచెమ్మా ఆడేటప్పుడు ఓడిపోతే గవ్వలు వీధిలోకి విసిరేసేదానివి గానీ, ఒక్క గడి ఎక్కువ జరిపిన పిల్లవి కాదు నువ్వు. నీ మీద అనుమానంతో రాయడం లేదు, పక్కవాళ్లు అడిగితే కాదనలేని నీ మెతకతనం చూసి భయపడి రాస్తున్నాను. అది మా అక్క పోలిక.

అక్కడ ఒకరు చీటీలు పట్టుకుని బ్రాకెట్లు ఆడతారా, ఐదు డాలర్లేగా అంటూ తిరుగుతుంటారు, అది డబ్బు పెట్టి ఆడే పందెం. సరదాకి ఒకటి ఆడు. మీ తాతయ్య పేకాట గురించి మీ అమ్మ నీకు ఎంతవరకు చెప్పిందో తెలియదు, నేను మాత్రం జీవితంలో రెండో బ్రాకెట్ కొనలేదు.

బయటి తిండి లోపలికి రానివ్వరు. పెరుగన్నం డబ్బా కారులో ఉంచుకో, మధ్యలో వెళ్లి తిను. ఆ నాచోలు తిని రెండో ఆటకి దిగితే కాళ్లు లేవవు.

ఫారం పంపే ముందు నాకు ఫోటో పెట్టు. ఆదివారం రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి. అక్కకి స్కోరు హ్యాండిక్యాప్ కలిపే చెప్పు, సంతోషిస్తుంది. నాకు మాత్రం ఏమీ కలపని స్క్రాచ్ స్కోరు కావాలి.

ఇట్లు,
మామయ్య