చదువు ఆపేసి పాస్టరునవుతానంటున్నాడు

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్. మా బాబు పర్లాకిమిడిలో బి.కాం. ఆఖరి ఏడు చదువుతున్నాడు. పన్నెండో ఏట నుంచి మా సంఘంలో కీబోర్డు వాయిస్తున్నాడు. ఇప్పుడు పాతపట్నం, టెక్కలి, గుణుపూర్ సభలకీ పిలుస్తున్నారు. నెల కిందట ఒక సభ నుంచి వచ్చి, "అమ్మా, దేవుడు నన్ను సేవకి పిలిచాడు, చదువు ఆపేసి పాస్టరునవుతాను" అన్నాడు. వాళ్ల నాన్న వాడితో మాట్లాడ్డం మానేశారు. నేను విశ్వాసిని, కాదనలేను. కానీ భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, కాదనక్కర్లేదు. అలాగని ఈ నెలలోనే అవుననాల్సిన పనీ లేదు. ముందు పరీక్షలు రాసెయ్యమనండి. బాబుని ఆపడానికి చెప్పే సాకు కాదిది. పాస్టర్ల చదువుల్లో గట్టిదైన బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) కోర్సు, డిగ్రీ అయినవాళ్లకి నాలుగేళ్లు. ఇప్పుడు ఆఖరి ఏడు వదిలేస్తే, రేపు ఆ చదువుకి వెళ్దామన్నప్పుడు ఈ డిగ్రీ లేని లోటు తెలుస్తుంది. పిలుపు నిజమైతే ఫలితాలు వచ్చాక కూడా ఉంటుంది.

ఇక అసలు సంగతి. నేనూ కుర్రతనంలో సంఘంలో తబలా వాయించినవాణ్ణే. సభలో పాట ఊపందుకుని, ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే వాయించేవాడి ఒళ్లు జలదరిస్తుంది. ఆ రాత్రి ఇంటికొచ్చి "నేను సేవకే పుట్టాను" అనుకోవడం సహజం. ఆ అనుభవం అబద్ధం కాదు, ఇంట్లో ఎవరూ దాన్ని తేలిక చెయ్యకండి. కానీ అది పాట ఇచ్చిన అనుభవం. కాపరి పని, అంటే పాస్టరు పని, సభ అయిపోయి, షామియానా విప్పి, సౌండ్ బాక్సులు వ్యానెక్కించాక మొదలవుతుంది. ఆ కళ్లు తుడుచుకున్న తల్లి ఇంట్లో మొగుడు తాగొచ్చి కొడుతుంటే, మంగళవారం నాడు ఆ గడప ఎక్కాల్సింది పాస్టరు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగాదా పడి ప్రభువు బల్లకి (సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకి) రావడం మానేస్తే ఇద్దరి ఇళ్లకీ తిరిగేది ఆయనే. బరంపురం పెద్దాసుపత్రి నుంచి అర్ధరాత్రి శవం వస్తే, పెట్టె చేయించడం దగ్గర్నుంచి సమాధుల తోటలో గొయ్యి తవ్వేవాళ్లని లేపడం దాకా ఆయన పూచీయే. ఇవన్నీ చేసి ఆదివారం వాక్యం చెప్పాలి.

బైబిల్లో కూడా ఈ రెండూ వేరు వేరు పనులే. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయంలో దేవుని మందిరంలో పాడడానికి శిక్షణ పొంది నియమితులైనవాళ్లు 288 మంది. వాళ్లకి పాటే పరిచర్య, దాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేదు. మొదటి తిమోతి 3వ అధ్యాయంలో సంఘ అధ్యక్షుడికి, అంటే కాపరికి, కావలసిన అర్హతలు చూడండి. స్వరం ఊసే లేదు. బోధించగలగాలి, ధనాశ ఉండకూడదు, ఇంటివాళ్లని చక్కగా చూసుకోవాలి, విశ్వాసంలోకి కొత్తగా వచ్చినవాడై ఉండకూడదు. ఈ రెండు అధ్యాయాలూ బాబు పక్కన కూర్చుని చదవండి. సంగీతంలోనే ఉండిపోయి, గ్రేడు పరీక్షలు రాసి, పిల్లలకి నేర్పుకుంటూ, సంఘంలో ఆరాధన నడిపించుకోవడం కూడా సేవే. పాస్టరు కావడం దానికి ప్రమోషను కాదు. మన సంఘాల్లో అలా అనుకోవడం వల్ల మంచి వాయిద్యకారుల్ని పోగొట్టుకుని బలహీనమైన కాపరుల్ని తెచ్చుకున్న చోట్లు నేను చూశాను.

పాటా కాపరి పనీ ఒక్కరిలో కలిసిన మనిషి మీ పక్కనే పుట్టారు. పురుషోత్తమ చౌదరి గారిది పర్లాకిమిడి ప్రాంతమే. 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, పాస్టరుగా పనిచేస్తూ వందకు పైగా తెలుగు కీర్తనలు రాశారు. శతకం కూడా రాశారు. ఆయన పాట వెనక భాష మీద పట్టు ఉంది. మీ బాబు విషయంలో నాకు బెంగ కూడా సరిగ్గా అక్కడే.

మీ వైపు తెలుగు ఇళ్ల పిల్లలు బడిలో చదివేది ఒడియా. తెలుగు పాటని నోటుబుక్కులో ఒడియా అక్షరాల్లో రాసుకుని, పైన స్కేలు వేసుకుని వాయించే కుర్రాళ్లు నాకు చాలామంది తెలుసు. పాటకి అది చాలు. కానీ మన తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంటుంది, ఒక వచనం చదివి మామూలు మాటల్లో విప్పి చెప్పాలంటే తడుముకోకుండా చదవడం రావాలి. ఇవాళ సాయంత్రమే యెషయా గ్రంథంలో ఒక పేజీ బాబు చేత పైకి చదివించండి. ఆగి ఆగి చదివితే, ముందు ఏ భాషలో బోధిస్తాడో తేల్చుకోవాలి. తెలుగైతే రోజూ చదివి, రాసి, ఏడాదిలో సరిచేసుకోవచ్చు. ఒడియాలోనే బలం ఉందనుకుంటే ఒడియా సంఘానికే వెళ్లనివ్వండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కొండల మీద సవర గిరిజనుల సంఘాలు ఎన్నో ఉన్న జిల్లా మీది, సవర భాష నేర్చుకున్నా వృథా పోదు.

పరీక్షలయ్యాక ఒక ఏడాది మీ సంఘకాపరి గారి వెంట తిరగమనండి, కీబోర్డు లేకుండా. ఆసుపత్రికి, చావింటికి, గృహకూడికకి, సండే స్కూలుకి. ముఖ్యంగా రోగి మంచం దగ్గర, కీబోర్డులో శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ లేని చోట, ముసలమ్మల గొంతుకి అందే శృతిలో పాట ఎత్తుకోవడం వస్తుందా, వాళ్లు తప్పు పాడినా వాళ్ల వెంటే నడవగలడా చూసుకోమనండి. సభలకి వెళ్లడం పూర్తిగా మాన్పించొద్దు, నెలకి ఒకటి చాలు. ఏడాది చివర అడగాల్సింది బాబునొక్కణ్ణే కాదు. వాడు వెళ్లిన ఇళ్లవాళ్లని అడగండి, మళ్లీ రమ్మంటున్నారా అని.

అప్పటికీ మనసు నిలబడితే చదువు. బెంగాల్లోని సెరంపూర్ కాలేజీ 1818లో పుట్టింది, 1827లో డెన్మార్క్ రాజు దానికి డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు. ఆ సెరంపూర్ సెనేట్ (డిగ్రీలిచ్చే మండలి) కింద నడిచే కాలేజీల బి.డి.కి విలువుంది. తెలుగువాళ్లకి హైదరాబాదులో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది, 1964లో రాజమండ్రిలో మొదలైనది. ఒడియా వైపు వెళ్లేవాళ్లకి కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో జెన్సెన్ థియొలాజికల్ కాలేజీ ఉంది. సంఘం సిఫారసు ఉత్తరం సాధారణంగా అడుగుతారు, కాబట్టి మీ పాస్టరు గారితో ఇప్పటినుంచే మాట్లాడి ఉంచండి. ఆరు నెలల్లో డాక్టరేటు చేతిలో పెడతామనే చోటికి పైసా కట్టకండి.

డబ్బు గురించి దాపరికం వద్దు. పాత మిషన్ సంఘాల్లో జీతం, ఇల్లు, బదిలీలు ఉంటాయి. స్వతంత్ర సంఘమైతే కానుకల మీదే బతకాలి, వానాకాలంలో అవీ పలచబడతాయి. బాబు చేతిలో బి.కాం. ఉంటే మొదటి ఏళ్లలో లెక్కలు రాసుకునైనా ఇల్లు నడుపుతాడు, సంఘం లెక్కలూ శుభ్రంగా ఉంచుతాడు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. ఒడిశాలో మతస్వేచ్ఛ చట్టం 1967 నుంచి ఉంది. 1989 నియమాల ప్రకారం మతమార్పిడి జరిపించే బోధకుడు పదిహేను రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. స్వతంత్ర పాస్టర్లు పెళ్లిళ్లు చేయాలంటే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు కావాలి. కుర్ర పాస్టర్లు ఇవి తెలియక కేసుల్లో చిక్కుకుంటారు.

వాళ్ల నాన్నగారి మౌనం కోపం కాదనుకుంటాను, బెంగ. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించండి. ఆ ఏడాదిలో ఒక్కసారైనా, బాబు చావింటికి వెళ్లిన రోజు, ఆయన్నీ వెంట వెళ్లమనండి. ఫలితాలు వచ్చాక నాకు మీరు కాదు, బాబునే రాయమనండి. తెలుగు అక్షరాల్లో.