మఠం దానపత్రం మా ఇంటి పెట్టెలో దొరికింది, కోర్టు నమ్ముతుందా?

ప్రశ్న: మా ఊరి మఠానికి 1894లో కొంత మాగాణి రాసిచ్చిన దానపత్రం అసలు ప్రతి మా తాతగారి పాత పెట్టెలో దొరికింది. ఆయన చాలాకాలం మఠం లెక్కలు చూశారు. అందులోనే మఠానికి వచ్చిన ఇనాంల పత్రాలన్నీ వరుసగా నకలు రాసుకున్న పుస్తకం కూడా ఉంది. ఆ భూమి ఇప్పుడు వేరేవారి ఆక్రమణలో ఉంది. పత్రం మఠంలో కాక మా ఇంట్లో ఉంది కాబట్టి చెల్లదని వారంటున్నారు. పూర్వం యూరప్ మఠాల్లో సన్యాసులే దొంగ పత్రాలు పుట్టించేవారని చరిత్ర చదువుతున్న మా అబ్బాయి అంటాడు. మా పత్రానికి విలువ ఉంటుందా?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఇంటి పెట్టెలో దొరికినంత మాత్రాన అది చెల్లకుండా పోదు. ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైన కస్టడీ నుంచి, అంటే అది సహజంగా ఉండదగిన చోటు, మనిషి దగ్గర నుంచి కోర్టు ముందుకు వస్తే, అందులోని సంతకాలు, దస్తూరి, సాక్షుల సంతకాలు నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. రాసినవారు, సాక్షులు ఎవరూ బతికి ఉండరు కాబట్టి చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. 1872 సాక్ష్య చట్టంలో ఇది 90వ సెక్షన్. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 92వ సెక్షన్.

సరైన కస్టడీ అంటే ఏమిటన్న చర్చ నిజంగానే యూరప్ మఠాల కాగితాల మీద నడిచింది. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ రాజు 1536 నుంచి 1540 లోపు మఠాలన్నిటినీ మూసివేయించి భూములు స్వాధీనం చేసుకున్నాడు. వందల ఏళ్లుగా సన్యాసులు భద్రపరచిన దానపత్రాలు, వాటిని నకలు రాసుకున్న పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. కొన్ని భూములు కొన్నవారి ఇళ్లకు, కొన్ని గ్రంథాలయాలకు చేరాయి. తర్వాత ఆ భూముల మీద తగాదాలు వచ్చినప్పుడు ఆ కాగితాలే సాక్ష్యంగా కోర్టుకు వచ్చాయి.

అలా మూతపడ్డ గ్లాస్టన్‌బరీ మఠం నకలు పుస్తకం ఒకటి ఆ మఠం భూముల్లో కొంత భాగానికి యజమాని అయిన వ్యక్తి దగ్గర దొరికింది. నిజానికి అది ఉండవలసిన చోటు మఠాల ఆస్తులు చూసే ప్రభుత్వ కార్యాలయం. అయినా కోర్టు దాన్ని అనుమతించింది. అదే మఠానికి సంబంధించిన మరో రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం నుంచి వస్తే నిరాకరించింది. గ్రంథాలయం గొప్పదే, కానీ ఆ భూమితో దానికి ఏ సంబంధమూ లేదు. ఈ తీర్పులన్నిటినీ పక్కపక్కన పెట్టి 1836లో ప్రధాన న్యాయమూర్తి టిండాల్ ఒక మాట స్థిరపరిచారు: పత్రం ఉండవలసిన అత్యుత్తమ స్థలంలోనే ఉండాలని లేదు, సహజంగా ఉండదగిన చోట ఉంటే చాలు. ఆ కేసులోని కాగితాలు కూడా ఒకప్పటి బిషప్ కుటుంబం ఇంట్లో దొరికినవే. మన చట్టంలోని వివరణ కూడా ఈ దారిలోనే ఉంది. పత్రం అక్కడికి న్యాయంగా చేరిందని రుజువైనా, అలా చేరి ఉండవచ్చని పరిస్థితులు సూచించినా ఆ కస్టడీని తప్పుపట్టరాదు.

కాబట్టి మఠం లెక్కలు చూసిన మనిషి ఇంట్లో మఠం పత్రం ఉండటం సహజమే. కానీ ఆయన లెక్కలు చూశారన్నది మీరు చూపించాలి. శిస్తు రసీదులు, మఠాధిపతి రాసిన ఉత్తరాలు, ఆయన చేతిరాతతో ఉన్న జమాఖర్చు పుస్తకాలు వెతకండి. పెట్టెలోని కాగితాలను దయచేసి విడదీయకండి. ఇప్పుడున్నట్టే ఫోటోలు తీయించి, ఊరి పెద్దల సమక్షంలో జాబితా రాయించి సంతకాలు తీసుకోండి. దానపత్రానికి లామినేషన్ మాత్రం చేయించవద్దు. కాగితం, సిరా పరీక్షించే అవకాశం పోతుంది.

మీ అబ్బాయి చెప్పిందీ నిజమే, అది తేలిగ్గా తీసుకోవలసిన మాట కాదు. 12వ శతాబ్దంలో వెస్ట్‌మినిస్టర్ మఠంలో పాత రాజుల పేరిట పత్రాలు కల్పించారు. అన్నీ పరాయి భూమి మీద ఆశతో చేసినవి కావు. తరతరాలుగా తమ చేతిలోనే ఉన్న భూమికి కాగితం చూపమని అడిగే రోజులు వచ్చేసరికి కొన్ని మఠాలు లేని కాగితాన్ని రాసుకున్నాయి. ఫ్రాన్సులోని సెయింట్ డెనిస్ మఠం పాత పత్రాలను 1675లో పేపెబ్రోక్ అనే పండితుడు శంకించాడు. దానికి జవాబుగా మాబియోన్ అనే సన్యాసి 1681లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. లిపి, భాష, ముద్ర, తేదీ వేసే పద్ధతి, సాక్షుల పేర్లు, వీటన్నిటినీ అదే కాలపు నిజమైన పత్రాలతో పోల్చి చూసే శాస్త్రానికి అదే పునాది.

నన్ను ఆలోచింపజేసేది ఏమిటంటే, ఆ దొంగ పత్రాలన్నీ మఠంలోనే, అంటే అత్యంత సరైన కస్టడీలోనే ఉండేవి. కస్టడీ ఒక్కటే నిజాన్ని తేల్చదు. అందుకే మన చట్టం కోర్టు భావించవచ్చు అంటుంది, భావించి తీరాలి అనదు. పైగా ఆ భావన సంతకాలకు, రాతకు మాత్రమే పరిమితం. పత్రంలో రాసిన విషయం నిజమని వేరేగా రుజువు చేయాలి.

అవతలి వకీలు ఎలా చూస్తారో మీరు ముందే అలా చూడండి. స్టాంపు కాగితం మీద వెండర్ రాసిన తేదీ పత్రం తేదీకి ముందే ఉందా? లెక్కలు రూపాయలు, అణాలు, పైసల్లో ఉన్నాయా? జిల్లా పేరు ఏమని ఉంది? పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. 1894 నాటి పత్రంలో ఆ పేరు కనబడితే అక్కడితో కేసు ముగిసినట్టే. వెనుక వైపు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ధ్రువీకృత నకలు తీసుకోండి. మీ చేతికి ఎన్నడూ అందని రికార్డు అది, దాని బలం వేరు.

నకలు పుస్తకం సంగతి కష్టం. ముప్పై ఏళ్ల వెసులుబాటు అసలు పత్రానికే గాని నకలుకు లేదని 1935లో, బ్రిటిష్ పాలనలో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్, 1968లో సుప్రీంకోర్టు తేల్చాయి. అసలు పోయిందని ముందు రుజువు చేస్తేనే నకలు చూస్తారు. అయితే అందులోని పాత ఇనాంలకు మరో ఆధారం ఉండే అవకాశం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నుంచి ఇనాం కమిషన్ విచారణ జరిపి తయారుచేసిన రిజిస్టర్లు ఉన్నాయి. ఒక మఠం ఆస్తి కేసులోనే, మెరుగైన సాక్ష్యం లేనప్పుడు ఆ రిజిస్టరుకు అత్యధిక ప్రాధాన్యం ఇవ్వాలని 1919లో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. మీ గ్రామం ఇనాం రిజిస్టరు నకలుకు వెంటనే దరఖాస్తు చేయండి.

ఇంకొకటి, ఈ పత్రం మఠం హక్కుకు సాక్ష్యం, మీ కుటుంబం హక్కుకు కాదు. మఠం దేవాదాయ శాఖ రికార్డుల్లో ఉందేమో చూడండి. ఉంటే 1987 దేవాదాయ చట్టం కింద ఆక్రమణల తొలగింపునకు ట్రైబ్యునల్ ఉంది. సహాయ కమిషనరుకు అర్జీతోపాటు ఫోటో ప్రతులే ఇవ్వండి. అసలు పత్రాన్ని కోర్టులో గాని ట్రైబ్యునల్‌లో గాని, జాబితాలో చేర్చి, రసీదు తీసుకునే దాఖలు చేయండి.