టెక్ సందేహాలు: ఎవరు పెట్టారో తెలియని పికిల్ జాడీ

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర లంక గ్రామం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకు జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ అందరికీ పెట్టిన ఓపెన్ డేటా తీసుకున్నాను. నా 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో ఆ డేటాను విశ్లేషించే రూట్ సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు ప్రయత్నించినా ఇన్‌స్టాల్ కావడం లేదు. టెలిగ్రామ్ గ్రూపులో ఒక సీనియర్ 'అంతా రెడీ, రన్ కొట్టడమే' అంటూ ఒక నోట్‌బుక్ (సెల్‌లుగా విడగొట్టిన కోడ్ ఫైలు), దాంతో ఒక పికిల్ ఫైల్ పెట్టారు. తెరవబోతే యాంటీవైరస్ అరుస్తోంది. కాసేపు దాన్ని ఆపేయమంటున్నారు. ఆపవచ్చా? నాన్నగారు రొయ్యల మేత డీలరుకు డబ్బులు పంపేదీ ఇదే లాప్‌టాప్‌లో.

జవాబు: వద్దమ్మా. మీ ఉత్తరంలో చివరి వాక్యం చదివాక నాకే టెన్షన్ పట్టుకుంది. ఈ వానాకాలం మొదలయ్యాక ఇలాంటి ఉత్తరం రావడం ఇది ఐదోసారి. ఊళ్లు వేరు, కాలేజీలు వేరు, 'యాంటీవైరస్ ఆపేయ్' అనే సలహా మాత్రం అదే.

ముందు రూట్ సంగతి. దానితో కుస్తీ పట్టనక్కర్లేదు. 1990ల మధ్యలో సెర్న్‌లో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్ గట్టిదే, పరిశోధనలోకి వెళితే నేర్చుకోక తప్పదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మాత్రం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అప్‌రూట్ అనే లైబ్రరీ చాలు. రూట్ లేకుండానే రూట్ ఫైళ్లను చదువుతుంది. ఆ ఫైళ్లలో డేటా కాలమ్‌ల వారీగా ఉంటుంది కాబట్టి మ్యువాన్లకు (ఎలక్ట్రాన్ లాంటివే, కాస్త బరువైన కణాలు) సంబంధించిన నాలుగైదు కాలమ్‌లు మాత్రం, అదీ విడతలు విడతలుగా తెచ్చుకోండి. 8 జీబీ సరిపోతుంది. ఫైలు మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి ఎక్కించి, లాప్‌టాప్ చచ్చిపోయిందని తిట్టేవాళ్లే ఎక్కువ.

ఇక పికిల్. పేరు పచ్చడే గానీ, ఇది మీ అమ్మమ్మ పెట్టిన జాడీ కాదు. సీఎస్‌వీ ఫైల్ తెరిస్తే అంకెలు కనిపిస్తాయి, అంతే. పికిల్ ఫైల్లో ఉండేవి వట్టి అంకెలు కాదు, 'ఈ వస్తువును ఇలా తిరిగి కట్టు' అని పైథాన్‌కు ఇచ్చే ఆదేశాలు. ఆ ఆదేశాల మధ్య 'ఫలానా ప్రోగ్రాం నడుపు' అని ఒక్క లైను దూర్చడం కష్టమేమీ కాదు. అంటే ఫైలు లోడ్ చేయడమూ, ఎవరో రాసిన ప్రోగ్రాం నడపడమూ ఒకటే. నమ్మకం లేని చోటి నుంచి వచ్చిన పికిల్‌ను తెరవొద్దని పైథాన్ వాళ్ల అధికారిక పత్రాల్లోనే హెచ్చరిక ఉంది. ఎవరు చదువుతారు? డేటా చదవమంటే ప్రోగ్రాం నడిపే ఫార్మాట్‌ను ఇన్నేళ్లు ఇంత మామూలుగా వాడనివ్వడం నా దృష్టిలో డిజైన్ లోపమే. కణభౌతిక శాస్త్రంలో సిగ్నల్‌నూ (వెతుకుతున్న కణం జాడ) బ్యాక్‌గ్రౌండ్‌నూ (దాన్ని పోలిన మామూలు ఘటనలు) వేరుచేసే మెషీన్ లెర్నింగ్ మోడళ్లు వాడతారు. వాటిని విద్యార్థులు తరచుగా పికిల్ ఫైళ్లుగానో, అలాంటివే అయిన జాబ్‌లిబ్ ఫైళ్లుగానో దాస్తారు. అలా ఈ ఫైళ్లు గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి.

'మాకు ఓటీపీ ఉంది కదండీ' అంటారు. బ్రౌజర్‌లో మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్న మెయిల్ తాలూకు సెషన్ కుకీలు (మీరు లాగిన్ అయ్యారని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) ఎత్తుకెళ్లిన వాడికి ఓటీపీతో పని లేదు. మెయిల్ చేతికి చిక్కితే మిగతా పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం వాడికి అరగంట పని. మీ సీనియర్ మంచివాడే కావచ్చు. ఆ ఫైలు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి చూడండి. ఇంకో గ్రూపు పేరు చెబుతారు. యాంటీవైరస్ అరవకపోయినా నా జవాబు ఇదే.

డేటాను నేరుగా సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్ నుంచే తీసుకోండి. 2014 నుంచి అది అందరికీ ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. ప్రతి ఫైలుకూ పక్కన ఆడ్లర్32 అనే చెక్‌సమ్ ఉంటుంది. డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయి ఫైలు తెగిపోయిందా అన్నది అది చెబుతుంది. కావాలని మార్చిన ఫైలును పట్టుకునే శక్తి దానికి లేదు, అందుకే ఫైలు వచ్చిన చోటు ముఖ్యం. నోట్‌బుక్ అయితే 'రన్ ఆల్' నొక్కే ముందు ఒక్కో సెల్ చదవండి. లైబ్రరీ పేర్లు టైపు చేసేటప్పుడు అక్షరం తప్పినా ప్రమాదమే. పేరున్న లైబ్రరీలకు ఒక్క అక్షరం తేడాతో దొంగ ప్యాకేజీలు పెట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఈ జవాబు చేరేలోపే ఆ ఫైలు తెరిచేసి ఉంటే ముందు నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగ్ అవుట్ కొట్టండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నాన్నగారికి చెప్పడానికి భయపడి రెండు రోజులు ఆగకండి.

అన్నట్టు, ప్రాజెక్టులు రెడీమేడ్‌గా అమ్మే దుకాణాల వాళ్లకు ఒక మాట. మీరిచ్చే పెన్‌డ్రైవ్‌లో రిపోర్టుతో పాటు ఏమేం వెళుతున్నాయో మీకైనా తెలుసా?

ప్రశ్న: రావులపాలెం. రాత్రంతా సిమ్యులేషన్ నడుస్తుంటే తెల్లారేసరికి లాప్‌టాప్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయింది. ఆరు గంటల పని పోయింది. అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేయవచ్చా?

జవాబు: శాశ్వతంగా వద్దు, ఆ రాత్రికి వాయిదా వేయండి. మనిషి నిద్రపోతే మెషీన్ ఖాళీగా ఉన్నట్టే అనుకునే అప్‌డేట్లంటే నాకూ ఒళ్లు మంట. అయినా నింద అంతా దాని మీదే వేయకండి. గాలివాన వస్తే కరెంటు పోయే ఊళ్లలో ఉంటూ, ఆరు గంటల ఫలితాన్ని ఒక్కసారి కూడా సేవ్ చేయని ప్రోగ్రాం రాసింది మీరే. ప్రతి వెయ్యి ఘటనలకూ ఒకసారి ఫైల్లోకి రాయించండి. ర్యాండమ్ సీడ్ (అవే యాదృచ్ఛిక అంకెలను మళ్లీ రప్పించే తొలి సంఖ్య) కూడా రాసి పెట్టుకోండి.

ప్రశ్న: పాలకొల్లు. రెండు మ్యువాన్ల డేటాతో ఇన్వేరియంట్ మాస్ (ఆ రెండూ ఒకే కణం నుంచి పుట్టి ఉంటే దాని ద్రవ్యరాశి) హిస్టోగ్రామ్ గీశాను. ఒక బిన్‌లో 100 రావాల్సింది 130 వచ్చాయి. 3 సిగ్మా అని లెక్క తేలింది. జర్నల్‌కు పంపమని స్నేహితులు అంటున్నారు. గ్రాఫ్‌కు మంచి సాఫ్ట్‌వేర్ చెప్పండి.

జవాబు: గ్రాఫ్ సాఫ్ట్‌వేర్ సంగతి పక్కన పెడదాం. మీ హిస్టోగ్రామ్‌లో బిన్లు, అంటే గడులు ఎన్ని? 100 అనుకుందాం.

మీ ఊరి చుట్టూ చెరువులే కదా. కౌంటు చూడ్డానికి వల విసిరితే ఒకసారి 100 రొయ్యలు పడతాయి, ఇంకోసారి 90, మరోసారి 112. రైతు కంగారు పడడు. 100 దగ్గర వర్గమూలం, అంటే పది అటూ ఇటూ మామూలే. ఆ పదే ఒక సిగ్మా. 130 అంటే మోటు లెక్కన 3 సిగ్మా, నిజమే. ఒకే చోట, ముందే చెప్పి విసిరిన వలలో అంత పడటం వెయ్యిలో ఒకటిన్నర సార్లు కూడా జరగదు. కానీ మీరు వంద చోట్ల విసిరి, అన్నిటికన్నా బరువైన వల మాత్రమే కొనేవాడికి చూపిస్తున్నారు. వంద బిన్లలో ఎక్కడో ఒకచోట వట్టి అదృష్టం వల్లే 3 సిగ్మా కనిపించే అవకాశం దాదాపు ఎనిమిదింట ఒకటి. బిన్ వెడల్పు మార్చి మార్చి గీసి ఉంటే ఇంకా ఎక్కువ. ఈ రంగంలో దీన్ని లుక్ ఎల్స్‌వేర్ ఎఫెక్ట్ అంటారు.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2015 డిసెంబరులో సెర్న్‌లో అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండూ 750 జీఈవీ (కణాల ద్రవ్యరాశిని చెప్పే కొలత) దగ్గర తమ గ్రాఫుల్లో చిన్న గుట్టను చూశాయి. దాని మీద సిద్ధాంతకర్తలు వందల పేపర్లు రాసేశారు. 2016 ఆగస్టుకు మరింత డేటా వచ్చింది, గుట్ట కరిగిపోయింది. హిగ్స్ బోసాన్ అనే కణం విషయంలో 2012 జూలై 4న ప్రకటించే ముందు 5 సిగ్మా దాకా ఆగారు. వట్టి అదృష్టం వల్ల అలా కనిపించే అవకాశం 35 లక్షల్లో ఒకటి.

ఇంకోటి. చిన్న సీఎస్‌వీ ఫైళ్లు బోధన కోసం ఎంచి పెట్టినవి, పూర్తి పరిశోధనకు పనికిరావని పోర్టల్‌లోనే రాసి ఉంటుంది. మీరు తీసుకున్నది అదైతే జర్నల్ మాట మర్చిపోండి. ముందు అందరికీ తెలిసిన కణాల గుట్టలు సరైన చోట వచ్చాయో చూడండి. జె సై 3.1 దగ్గర, అప్సిలాన్ 9.46 దగ్గర, జెడ్ బోసాన్ 91 జీఈవీ దగ్గర ఉండాలి. అవే పక్కకు జరిగి ఉంటే మీ కోడ్‌లో తప్పుంది.

తర్వాత, మీరు ఇంకా వాడని వేరే ఏడాది డేటా తీసుకోండి. చూడకముందే ఆ బిన్ ఎక్కడో, వెడల్పు ఎంతో కాగితం మీద రాసి, తారీఖు వేసి, మీ గైడ్‌గారి చేత సంతకం పెట్టించుకోండి. అప్పుడు గీయండి. గుట్ట అక్కడే మళ్లీ కనిపిస్తే ఆ గ్రాఫ్ నాకూ పంపండి. పికిల్‌గా కాదు, మామూలు బొమ్మగా.